బిగుసుకుపోయిన పంపు: సుత్తి కన్నా ఓపిక మేలు

వానలు వెనకపట్టాయి. బావిలో నీరుంది, కరెంటు ఉంది, రబీ వేరుశనగ ఊడలు దిగే దశలో ఉంది. ఈ తడి ఇవ్వకపోతే కాయ ఊరదు. రైతు స్టార్టరు నొక్కుతాడు. మోటారు 'గుయ్'మని మూలుగుతుంది గానీ తిరగదు. మళ్లీ నొక్కుతాడు. మూడోసారికి కాలిన వాసన వస్తుంది. ఇక వైండింగు పోయినట్టే. బావి దగ్గర్నుంచి మోటారు ఊడదీసి పట్నం తీసుకెళ్లాలి, వరస కోసం కాచుక్కూర్చోవాలి, చేతి సొమ్ము వదిలించుకోవాలి. అంతలో తడి అందక పైరు వాడిపోతుంది.

నిజానికి ఆ మోటారుకు ఏ జబ్బూ లేదు. నాలుగు నెలలుగా కదలకుండా ఉండటంతో పంపు లోపలి ఇంపెల్లరు, అంటే నీటిని చిమ్మే రెక్కల చక్రం, తుప్పుతో బిగుసుకుపోయింది. అంతే. బావుల మీద, కాలువ గట్ల మీద మోనోబ్లాక్ పంపులు వాడే చిన్న రైతులకు ఇది ఏటా ఎదురయ్యే తిప్పలే. తగిన జాగ్రత్తలు తీసుకుంటే దీన్ని చాలావరకు బావి గట్టునే, మన చేతులతోనే సరిచేసుకోవచ్చు.

ఎందుకు బిగుసుకుంటుంది?

మోనోబ్లాక్ పంపులో మోటారుకూ పంపుకూ షాఫ్టు ఒక్కటే. ఆ షాఫ్టు చివరనే ఇంపెల్లరు ఉంటుంది. ఇంపెల్లరు మెడకూ, చుట్టూ ఉండే ఇనుప కేసింగుకూ మధ్య సందు చాలా తక్కువ. చాలా పంపుల్లో అర మిల్లీమీటరు కూడా ఉండదు. సందు ఎక్కువైతే నీరు వెనక్కి జారి పంపు సత్తా తగ్గుతుంది కాబట్టి అలా తయారు చేస్తారు.

ఇనుము తుప్పుగా మారితే మొదటి కంటే రెండింతలకు పైగా చోటు తీసుకుంటుంది. పంపు ఆగి ఉన్నప్పుడు ఫుట్‌వాల్వు కొద్దికొద్దిగా కారి, కేసింగులో సగం నీరు, సగం గాలి మిగులుతుంది. తుప్పు పట్టడానికి ఇంతకన్నా అనువైన చోటు లేదు. పూర్తిగా నీటిలో మునిగిన ఇనుము కన్నా, తడీ గాలీ కలిసి తగిలే ఇనుము త్వరగా పాడవుతుంది. అలా పెరిగిన తుప్పు ఆ సన్నని సందును పూడ్చేసి, ఇంపెల్లరునూ కేసింగునూ అతికినట్టు పట్టేస్తుంది.

బిగుసుకోవడానికి ఇంకా మూడు కారణాలున్నాయి. మొదటిది, షాఫ్టు చుట్టూ ఉండే గ్లాండు తాడు ఎండి గట్టిపడి షాఫ్టును పట్టేయడం. రెండోది, ఉప్పునీళ్ల బావుల్లో తెల్లటి సుద్ద పేరుకోవడం. మూడోది, ఫుట్‌వాల్వు జల్లెడ చిరిగి నత్తగుల్లో, చెక్క ముక్కో, గులకరాయో లోపలికి రావడం.

మూలుగుతున్న మోటారును ఎందుకు ఉంచకూడదు?

5 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు సరిగ్గా తిరిగేటప్పుడు సుమారు 7 నుంచి 8 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. షాఫ్టు కదలకుండా పట్టేస్తే అదే మోటారు అయిదారింతలు, అంటే 40 ఆంపియర్లు, ఒక్కోసారి అంతకుమించి లాగుతుంది. పైగా ఫ్యాను తిరగదు కాబట్టి చల్లబడే దారి కూడా ఉండదు. కొద్ది నిమిషాల్లోనే వైండింగు మాడుతుంది. స్టార్టరులోని ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అయ్యేది దీన్ని తప్పించడానికే. 'ఊరికే పడిపోతోంది' అని రిలే సెట్టింగు పెంచడం, బటన్‌కు పుల్ల అడ్డం పెట్టి కట్టేయడం మన చేతులతో మనమే మోటారును కాల్చుకోవడం. మోటారు మూలిగి తిరగకపోతే రెండు సెకన్లలో ఆపేయాలి. రెండోసారి నొక్కకూడదు.

ముందు కరెంటు సంగతి

పంపు మీద చెయ్యి వేసేముందు ఇది తప్పనిసరి. స్టార్టరు ఆపితే చాలదు. మెయిన్ స్విచ్ దించాలి. ఫ్యూజు క్యారియర్లు మూడూ పీకి జేబులో వేసుకోవాలి. బోర్డు మీద పెడితే ఎవరో ఒకరు సాయం చేస్తున్నాననుకుని తగిలించే ప్రమాదం ఉంది.

ఆటో స్టార్టరు ఉన్న మోటారు దగ్గర ఇంకా జాగ్రత్త. పోయిన కరెంటు ఎప్పుడు వస్తుందో తెలియదు. వచ్చిన మరుక్షణం మోటారు తనంతట తాను తిరగబోతుంది. అప్పుడు షాఫ్టు మీద పైపు రెంచి ఉంటే అది విసురుగా వచ్చి తగులుతుంది. చెయ్యి లోపల ఉంటే వేళ్లు పోతాయి. కరెంటు లేని వేళ పని చేస్తున్నాం కదా అని ధీమాగా ఉండరాదు. ఫ్యూజులు పీకాకే పని మొదలుపెట్టాలి. టెస్టరుతో మూడు ఫేజులూ చూసుకోవాలి. మెయిన్ స్విచ్ పాడైందని ట్రాన్స్‌ఫార్మరు దగ్గరికి వెళ్లి మనమే ఫ్యూజులు తీయడం ప్రాణాలతో చెలగాటం. ఆ పని లైన్‌మన్‌దే.

బిగిసిందా? ఫేజు పోయిందా?

మోటారు మూలిగినంత మాత్రాన పంపు బిగిసిందని అనుకోకూడదు. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా మోటారు అలాగే మూలుగుతుంది. తేడా తెలుసుకోవడం తేలికే. ఫ్యూజులు పీకాక మోటారు వెనకవైపు ఫ్యాను మూత విప్పి, షాఫ్టును చేత్తో తిప్పి చూడాలి. సాఫీగా తిరిగితే పంపులో దోషం లేదు, కరెంటులోనే ఉంది. ఫ్యూజు, తీగ, స్టార్టరు కాంటాక్టులు చూపించుకోవాలి. అసలు కదలకపోతే బిగుసుకున్నట్టు లెక్క.

తిప్పేటప్పుడు ఫ్యాను రెక్కలు పట్టుకోకూడదు, విరుగుతాయి. కొన్ని మోటార్లకు షాఫ్టు చివర స్క్రూడ్రైవరు పట్టే గాటు ఉంటుంది. లేకపోతే షాఫ్టుకు మందపాటి గుడ్డ చుట్టి పైపు రెంచితో పట్టాలి.

మెట్టు మెట్టుగా...

మొదటి మెట్టు: గ్లాండు తాడు ఉండే పంపు అయితే గ్లాండు నట్లు రెండూ చెరి అర చుట్టు వదులు చేసి మళ్లీ తిప్పి చూడాలి. ఎన్నోసార్లు పని ఇక్కడితోనే అయిపోతుంది. ఎండిన తాడే అసలు దోషి అయి ఉంటుంది.

రెండో మెట్టు: అడుగు డ్రెయిన్ ప్లగ్గు విప్పి కేసింగులో నీరు వదిలేయాలి. తర్వాత సక్షన్ వైపు బెండు బోల్టులు విప్పి, బెండు పక్కకు జరపాలి. పైపు నోట్లో గుడ్డ కుక్కాలి. విప్పిన నట్టు బావిలో పడకుండా ఉంటుంది, డీజిల్ నీళ్లలో కలవకుండా ఉంటుంది. ఇప్పుడు ఇంపెల్లరు మెడ కంటికి కనిపిస్తుంది. టార్చి వేసి చూడండి. నత్తగుల్లో, చెక్క ముక్కో ఉంటే కొక్కెంతో లాగేయండి. తెల్లటి సుద్ద పేరుకుని ఉంటే డీజిల్‌కు అది లొంగదు. సన్నటి ఇనుప పుల్లతో మెల్లగా గీకాలి.

మూడో మెట్టు: ఎర్ర తుప్పే అయితే, ఇంపెల్లరు మెడ చుట్టూ ఉన్న సందులో డీజిల్ పొయ్యాలి. రెండు పాళ్లు డీజిల్, ఒక పాలు పలుచటి ఇంజిను ఆయిలు కలిపితే ఇంకా మంచిది. అంగట్లో దొరికే తుప్పు వదిలించే స్ప్రే ఉంటే సరేసరి. లీటర్లు పొయ్యనక్కర్లేదు. నూనె డబ్బాతో గంటకోసారి నాలుగు చెంచాలు, చుట్టూ తగిలేలా పోస్తే చాలు. మధ్యమధ్య కేసింగు మీద చెక్క ముక్క పెట్టి, దాని మీద చిన్న సుత్తితో టకటకా తట్టాలి. దెబ్బ కొట్టడం కాదు, అదిరేలా చెయ్యడం. ఆ అదురుకే తుప్పులో సన్నని పగుళ్లు వచ్చి నూనె లోపలికి దిగుతుంది. తర్వాత ఒక రాత్రి వదిలేయాలి. రోజుల తరబడి నానబెడితే సీలు రబ్బరు పాడయ్యే అవకాశం ఉంది.

నాలుగో మెట్టు: తెల్లవారి షాఫ్టును రెంచితో కొద్దిగా ముందుకు, కొద్దిగా వెనక్కు ఊపాలి. ఒకే వైపు బలమంతా పెట్టకూడదు. వెంట్రుకవాసి కదిలినా చాలు. మళ్లీ నూనె, మళ్లీ ఊపు. కదలిక పావు చుట్టు అవుతుంది, అర చుట్టు అవుతుంది, చివరకు పూర్తిగా తిరుగుతుంది. తిరిగాక ఎర్రటి తుప్పు బురద బయటికి వస్తుంది. అది పోయేదాకా నీళ్లు పోసి కడగాలి. ఎక్కువ పంపులు ఈ మెట్టు దగ్గరే దారికొస్తాయి.

సుత్తి తెచ్చిన చేటు

తొందర ఎంత చేటో ఒక అనుభవం చెప్పాలి. మా ఊళ్లో ఒక కుర్రవాడు బిగిసిన పంపు మీద సమ్మెట ఎత్తాడు. పక్క పొలం పెద్దాయన గట్టు మీంచి కేక వేశాడు: "ఒరే అబ్బాయ్, అది పోత ఇనుమురా. సాగదు, పగులుతుంది. రాత్రికి నూనె పోసి పడుకో, పొద్దున చూద్దాం." "రేపు ఉదయం తడి పెట్టాలి బాబాయ్, అంతదాకా ఆగలేను" అని వాడు రెండు దెబ్బలు వేశాడు. రెండో దెబ్బకు కేసింగు చెవి విరిగింది. రాత్రికి నానితే పోయేదానికి కేసింగే మార్చాల్సొచ్చింది. ఆ తడి ఎటూ తప్పింది.

పోత ఇనుము బరువు మోస్తుంది గానీ అడ్డదెబ్బకు ఓర్వదు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే సగం నష్టం తప్పుతుంది.

కేసింగు విప్పక తప్పకపోతే

రెండు రాత్రులు నానినా కదలకపోతే విప్పాల్సిందే. ఇది ఇద్దరి పని. 5 హెచ్‌పీ మోటారు ఒక్కడు ఎత్తే బరువు కాదు.

ముందుగా డెలివరీ పైపు బరువు పంపు మీద పడకుండా కొయ్యతో ఊతం ఇవ్వాలి. కేసింగుకూ మోటారు వైపు భాగానికీ కలిపి శానంతో ఒక గాటు పెట్టుకోవాలి. తిరిగి బిగించేటప్పుడు అదే గుర్తు. మోటారు తీగలు విప్పాల్సి వస్తే ఏ తీగ ఎక్కడిదో దారం కట్టి గుర్తు పెట్టాలి.

బోల్టులకు ముందురోజు రాత్రే నూనె పెట్టాలి. విప్పేటప్పుడు రింగు పానా వాడాలి. నోరు తెరిచే పానా జారితే బోల్టు తల గుండ్రమైపోతుంది, తర్వాత ఏ పానాకూ పట్టదు. మొండి బోల్టును ముందు ఇసుమంత బిగించి, ఆపై విప్పాలి. తుప్పు పట్టు వదలడానికి ఇదొక కిటుకు. అప్పటికీ రాకపోతే బోల్టు తల మీద నిలువుగా రెండు దెబ్బలు వేసి మళ్లీ చూడాలి. పానాకు పొడుగాటి గొట్టం తొడిగి లాగితే బోల్టు తెగి ముక్క లోపలే ఉండిపోతుంది. దాన్ని తీయాలంటే లేతు షాపుకు పోవాల్సిందే.

బోల్టులన్నీ వచ్చాక మోటారును వెనక్కి లాగాలి. కొన్ని పంపుల అంచు మీద ఎదురెదురుగా రెండు మర రంధ్రాలు ఉంటాయి. వాటిలో బోల్టులు బిగిస్తూ పోతే రెండు భాగాలూ వాటంతట అవే విడిపోతాయి. ఒకదాన్ని అర చుట్టు, రెండోదాన్ని అర చుట్టు, సమంగా తిప్పాలి. రంధ్రాలు లేకపోతే రెండు వైపులా ఒకేసారి కొయ్య మేకులు దిగగొట్టాలి. సందులో శానం గుచ్చకూడదు. ఆ ముఖం గీరుకుపోతే తర్వాత గాలి లాగి పంపు నీరెత్తదు.

విడిపోగానే షాఫ్టు తిప్పి చూడండి. సాఫీగా తిరిగితే అక్కడితో ఆగండి. ఇంపెల్లరును షాఫ్టు మీంచి తీయనక్కర్లేదు. మెడ, కేసింగు లోపలి రింగు ఉప్పుకాగితంతో శుభ్రం చేసి తిరిగి బిగించవచ్చు. పనికి మించి విప్పడం కూడా తప్పే. కేసింగు విడిపోయినా షాఫ్టు తిరగకపోతే ఇంపెల్లరు వీపు పక్కన గానీ, గ్లాండులో గానీ, బేరింగులో గానీ పట్టు ఉంది.

ఇంపెల్లరు తీయడం

వీపు పక్క తుప్పు పట్టినా, సీలు మార్చాల్సి వచ్చినా ఇంపెల్లరు తీయాలి. చివరి నట్టు చాలా పంపులకు మామూలు మర, కొన్నింటికి ఎడమ మర. బలం పెట్టేముందు నట్టు బయటికి కనిపించే మరలు ఎటు వాలి ఉన్నాయో చూసుకోవాలి. తెలియక బిగించే వైపే బలం పెడితే నట్టు విరుగుతుంది.

నట్టును పూర్తిగా తీసేయకుండా షాఫ్టు కొసతో సమానంగా ఉండేలా వదలాలి. మరలు దెబ్బతినకుండా అది కాపాడుతుంది. రెండు కాళ్ల పుల్లరును ఇంపెల్లరు వీపు పక్క, మధ్యభాగానికి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా పట్టించాలి. అంచును పట్టి లాగితే రెక్కల చక్రం పగులుతుంది. పుల్లరు సొంతంగా కొనక్కర్లేదు, మెకానిక్కు దగ్గర ఒక పూటకు అడిగి తెచ్చుకోవచ్చు. పుల్లరు మర బిగువుగా తిప్పి అలాగే ఉంచి, మధ్యభాగం మీద సలసల కాగే నీళ్లు పొయ్యాలి. బయటి ఇనుము ముందు వేడెక్కి వ్యాకోచిస్తుంది, పట్టు సడలుతుంది. పోసేటప్పుడు మోటారు మీద ప్లాస్టిక్ పట్టా కప్పాలి, వైండింగుకు తడి తగలరాదు. పట్టు వదిలిందని తెలిశాక, పుల్లరుతో పూర్తిగా లాగేముందు నట్టు తీసేయాలి.

మంట మాత్రం వద్దు. డీజిల్‌తో నానిన పంపు మీద బ్లోల్యాంపు పెడితే అంటుకుంటుంది. సీలు రబ్బరు మాడుతుంది. పక్కనే గడ్డివాము ఉంటే చెప్పనక్కర్లేదు.

ఇంపెల్లరు వచ్చాక షాఫ్టు గాటులో చిన్న ఇనుప చీల (కీ) ఉంటుంది. అది ఎగిరి ఎక్కడో పడిపోతుంది, జాగ్రత్తగా దాచాలి.

తిరిగి బిగించేటప్పుడు

షాఫ్టు, కీ గాటు శుభ్రం చేసి పలుచగా గ్రీజు రాయాలి. మళ్లీ ఎప్పుడైనా తీయాల్సి వస్తే ఈ గ్రీజే మనల్ని గట్టెక్కిస్తుంది. పాత ప్యాకింగు మళ్లీ వాడవద్దు, కొత్తది కోసుకోవాలి. బోల్టులు ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. ఒక్కో విడతకూ షాఫ్టు చేత్తో తిప్పి చూడాలి. ఎక్కడ బిగుసుకుంటే అక్కడే ఆగి వదులు చేయాలి.

గ్లాండు తాడు పంపుల్లో నీరు చుక్కచుక్కగా కారాలి, నిమిషానికి 30 నుంచి 60 చుక్కల దాకా. ఒక్క చుక్కా రాకుండా బిగిస్తే తాడు కాలి షాఫ్టు అరుగుతుంది. మెకానికల్ సీలు ఉన్న పంపు మాత్రం కారకూడదు.

పంపు నిండా నీరు పోసి, గాలి పోయాకే స్టార్టు చెయ్యాలి. ఖాళీగా తిప్పకూడదు. మొదట రెండు సెకన్లు తిప్పి ఆపి, బాణం గుర్తు వైపే తిరుగుతోందో లేదో చూడాలి. ఎదురు తిరిగితే కరెంటు తీసి, మూడు తీగల్లో ఏవైనా రెండింటిని అటుదిటు మార్చాలి. డీజిల్ వాసన ఉన్న మొదటి నీటిని పశువుల తొట్టిలోకి గానీ, చేపల చెరువులోకి గానీ వదలకూడదు.

ఎప్పుడు మెకానిక్కును పిలవాలి?

కేసింగు విప్పినా షాఫ్టు తిరగకపోతే, తిప్పుతుంటే గరగర శబ్దం వస్తే, సీలు ఉండే చోట షాఫ్టుకు గుంటలు పడితే, బోల్టు తెగి ముక్క లోపల ఉండిపోతే, మోటారులో నీరు దిగిందని అనుమానం వస్తే ఆగిపోవాలి. ఇవి మన పనులు కావు. కాలిన వాసన వచ్చిన మోటారును పరీక్ష చేయించకుండా మళ్లీ పెట్టడమూ తగదు.

వచ్చే ఏడాది ఈ తిప్పలు వద్దనుకుంటే...

పని లేని రోజుల్లో కూడా వారానికోసారి పంపును అయిదు నిమిషాలు నీటితో తిప్పండి. అలా కుదరకపోతే రెండో మార్గం: సీజను ముగిసిన రోజే డ్రెయిన్ ప్లగ్గు విప్పి నీరంతా వదిలేయాలి. ప్రైమింగు రంధ్రంలోంచి కాస్త నూనె పోసి, షాఫ్టు చేత్తో పది చుట్లు తిప్పాలి. గ్లాండు వదులు చేయాలి. పంపు మీద వాన పడకుండా, గాలి ఆడేలా చిన్న కప్పు వేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, సీజను మొదట్లో స్టార్టరు నొక్కేముందు, ఫ్యూజులు పీకి, షాఫ్టును ఒకసారి చేత్తో తిప్పి చూడటం. అదీ తడి రోజున కాదు, తడికి వారం ముందే. బిగిసినా నానబెట్టడానికి వ్యవధి ఉంటుంది, సుత్తి ఎత్తే అవసరం రాదు.

గుర్తుంచుకోండి
* మూలిగిన మోటారును రెండోసారి నొక్కవద్దు.
* ఫ్యూజులు జేబులో ఉంటేనే పంపు మీద చెయ్యి.
* ముందు గ్లాండు, తర్వాత నూనె, ఆ తర్వాతే పానా.
* పోత ఇనుము మీద సమ్మెట వద్దు, డీజిల్ పోసిన చోట మంట వద్దు.
* తడికి వారం ముందే షాఫ్టు తిప్పి చూసుకోండి.